పానా ఎవరి చేతిలో ఉంది?

మార్చి 8 వెళ్ళిపోయి రెండు వారాలు తిరక్కుండానే మార్చి 22 వస్తుంది. మొదటిది మన రోజు, రెండోది నీళ్ళ రోజు. 1993 నుంచీ జరుపుతున్న ఈ ప్రపంచ నీటి దినానికి ఆఫీసుల్లో, బళ్ళలో, బస్టాండుల్లో అతికించే పోస్టర్లను ఒకసారి నిలబడి చూడండి. కారుతున్న కొళాయి ఒకటి ఉంటుంది. దాన్ని కట్టేస్తున్న చెయ్యి ఉంటుంది. ఆ చేతికి గాజులుంటాయి. పక్క గోడ మీద ఏ పైపుల కంపెనీ ప్రకటనో ఉంటుంది. అక్కడ పానా పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. దానికి గాజులుండవు. ఈ రెండు బొమ్మలూ గీసినవాళ్ళకి ఒకరికొకరు తెలిసి ఉండకపోవచ్చు. అయినా ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్తున్నారు: నీళ్ళు వృథా అయితే తప్పు ఆడదానిది, కొళాయి బాగుచేసే తెలివి మగవాడిది.

ఈ వ్యాసం ఆ తెలివి గురించి. ఇంట్లో కారే కొళాయిని మనమే విప్పి, మనమే బాగుచేసుకోవడం గురించి. ఇంత చిన్న విషయానికి హక్కుల పత్రికలో ఇన్ని పేజీలా అని ఎవరికైనా అనిపిస్తే ఒకటి గుర్తుచేస్తాను. గిన్నెలు ఎవరు తోమాలన్నది కూడా ఒకప్పుడు చిన్న విషయమే. దాని గురించి మాట్లాడినందుకు మనల్ని చూసి నవ్వినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

కారే కొళాయిని ఇంట్లో ఎవరూ పట్టించుకోరని అంటుంటారు. ఇది అబద్ధం. ఆ ఇంటి ఆడమనిషి దాన్ని రోజంతా పట్టించుకుంటూనే ఉంటుంది. కింద బకెట్ పెడుతుంది. నిండగానే తీసి మొక్కలకో, బట్టలు నానబెట్టడానికో పోసి మళ్ళీ పెడుతుంది. కొళాయి మూతికి గుడ్డపేలిక కడుతుంది. రాత్రి చప్పుడుకు ఎవరి నిద్రా చెడకుండా, చుక్క జారిపోయేలా దారం వేలాడదీస్తుంది. తెల్లారి పాచి పట్టిన గచ్చు తోముతుంది. ఎవరైనా అక్కడ జారితే మాట పడేదీ ఆమే. ఇదంతా పని. కానీ ఈ పనికి పేరు లేదు. ఏదో ఒక ఆదివారం ఇంటాయన గానీ ప్లంబరు గానీ అరగంట కూర్చుని వాషరు మారిస్తే దానికి మాత్రం 'రిపేరు' అనే పేరుంటుంది. ప్లంబరుకైతే డబ్బు, ఇంటాయనకైతే కాఫీ, దాంతోపాటు మెచ్చుకోలు.

పాడైనదాన్ని భరించడం ఆడపని. బాగుచేయడం మగపని. ఈ రెంటికీ మధ్య గడిచే రోజులు, వారాలు, ఒక్కోసారి నెలలు ఉన్నాయే, అక్కడే ఇంట్లో అధికారం ఎవరిదో తెలుస్తుంది. ఎప్పుడు బాగుచేయాలో నిర్ణయించేది బకెట్ మోసే మనిషి కాదు. ఆలస్యంవల్ల ఆయనకు ఏ ఇబ్బందీ లేదు కాబట్టే ఆలస్యం అవుతుంది. శ్రమ విభజన అంటే పనులు చెరి సగం పంచుకోవడం అని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. నేనూ ఆ పుస్తకాలే చదివి పట్టా తెచ్చుకున్నాను. కానీ ఇంట్లో జరిగే విభజన వేరు. రోజూ చెయ్యాల్సినవి, వాయిదా వెయ్యడానికి వీల్లేనివి, చేసినా కనిపించనివి ఒకరికి. ఎప్పుడో ఒకసారి చేసేవి, వీలుచూసుకుని చేసేవి, చేస్తే పదిమందికీ తెలిసేవి ఇంకొకరికి.

2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు సగటున రోజుకు 289 నిమిషాలు దానికి వెచ్చిస్తే, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చించారు. 'చేసే పురుషులు' అన్న మాట జాగ్రత్తగా చదవండి. అసలేమీ చెయ్యనివాళ్ళు ఈ లెక్కలోకి రారు. ఇలాంటి సర్వేలకు ఆధారమైన అంతర్జాతీయ వర్గీకరణలో వంట ఒక పద్దు, ఇల్లు శుభ్రం చెయ్యడం ఒక పద్దు, ఇంటి మరమ్మతులు ఇంకో పద్దు. బకెట్ మార్చడం ఏ పద్దులో వేస్తారో నాకు అర్థం కాలేదు. బహుశా శుభ్రతలో వేస్తారు. మరమ్మతులో మాత్రం వెయ్యరు. కొళాయి బాగుపడేదాకా ఇల్లు నడిచింది ఆ బకెట్ మీదే అయినా సరే.

ఇక మా మదనపల్లె వైపు సంగతికి వస్తాను. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. పేరుకు బాహుదా నది ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళలోనూ మనుషులు రెండు రకాలు: నీళ్ళొచ్చే టైము తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు. మొదటి రకంలో ఎవరుంటారో చెప్పనక్కర్లేదు. ఈ ప్రాంతానికి నీళ్ళు తేవడానికి హంద్రీ–నీవా ప్రాజెక్టు కట్టారు. శ్రీశైలం జలాశయం వెనక నీళ్ళను మాల్యాల దగ్గర ఎత్తి, మెట్టుమెట్టుగా మోటార్లతో ఎగదోసి, వందల కిలోమీటర్లు కాలువల్లో నడిపించి ఇటువైపు తెస్తారు. 2025 ఆగస్టులో ఆ నీళ్ళు కుప్పం దాకా వచ్చినప్పుడు హారతులు పట్టారు, పూలు చల్లారు. పట్టాల్సిందే. కరువు చూసినవాళ్ళం, ఆ సంతోషాన్ని నేను తక్కువచేసి మాట్లాడను.

అయితే ఆ నీళ్ళు చెరువులు నింపినా, బోర్లలోకి దిగినా, ట్యాంకుల్లోకి ఎక్కినా చిట్టచివరికి ఒక వంటింటి కొళాయి దాకా రావాలి. అక్కడ నాలుగు రూపాయల రబ్బరు ముక్క అరిగిపోయి ఉంటుంది. కాలువ తవ్వడానికి ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, శిలాఫలకాలున్నాయి. ఆ రబ్బరు ముక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఆడవాళ్ళు నీటి పొదుపు నేర్చుకోవాలి" అన్న ఉపన్యాసం తప్ప ఇంకేమీ లేదు. పొదుపు నేర్పుతారు, వాషరు మార్చడం నేర్పరు.

సెకనుకు ఒక చుక్క పడుతుందనుకోండి. రోజుకు 86,400 చుక్కలు. చుక్క పావు మిల్లీలీటరైతే 21 లీటర్ల పైన, అంటే బిందెన్నర దాకా. చుక్క చిన్నదైతే ఇంకా తగ్గుతుంది. నా లెక్క నమ్మనక్కర్లేదు, రాత్రి పడుకునేముందు కింద బిందె పెట్టి తెల్లారి లీటరు చెంబుతో కొలవండి. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు ఇవ్వాలని పెట్టుకున్న లక్ష్యం 55 లీటర్లు. పక్కన పెట్టి చూసుకోండి.

ఇంతకీ మనం ఎందుకు నేర్చుకోలేదు? మదనపల్లెలో ఒక హార్డ్‌వేర్ షాపుకి నేను పాత వాషరు జేబురుమాల్లో చుట్టుకుని వెళ్ళాను. కౌంటరు దగ్గరున్నాయన దాన్ని చూడలేదు, నన్ను చూశాడు. "ఇంట్లో సార్‌ని పంపించండి మేడమ్, ఆయనకైతే తెలుస్తాది." సార్ లేరన్నాను. "అయితే ప్లంబరు నంబరిస్తా." ప్లంబరు వద్దు, అర అంగుళం కొళాయికి సరిపోయే వాషర్లు నాలుగు కావాలన్నాను. ఇచ్చాడు. డబ్బు తీసుకుంటూ, "మీరే ఏస్తారా?" అని అడిగాడు. మోటుగా ఏమీ అడగలేదు, నిజంగా ఆశ్చర్యపోయాడు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. వెక్కిరించేవాడితో దెబ్బలాడొచ్చు. ఊహకే అందనివాడితో ఏం చెయ్యాలి?

ఒంటరిగా ఉండే స్త్రీలకు ఇది ఆశ్చర్యంతో పోదు. ఉద్యోగం చేసే అమ్మాయి ప్లంబరు కోసం ఒక పూట సెలవు పెట్టాలి. అతను రాకపోతే ఇంకో పూట. వస్తే తలుపు తీసిపెట్టాలా, వేసుకోవాలా అని ఆలోచించాలి. ఇంటి ఓనరు, "మొగోళ్ళెవురు వచ్చిపోతాండారు?" అని అడిగితే జవాబు చెప్పాలి. భర్త చనిపోయినవాళ్ళు, విడిపోయినవాళ్ళు అన్నదమ్ముల్ని, బావగార్ని బతిమాలాలి. మరమ్మతు తెలియకపోవడానికి మనం డబ్బు రూపంలో కట్టేది కొంతే. మిగిలిందంతా బతిమాలడంలో కడతాం. జోర్డాన్ దేశంలో ఇదే ఇబ్బంది తిరగబడి ఇంకోలా పనికొచ్చింది. ఇంట్లో భర్త లేనప్పుడు పరాయి మగవాడు లోపలికి రాకూడదన్న కట్టుబాటు ఉంది కాబట్టి, నీళ్ళ కరువున్న ఆ దేశంలో స్త్రీలకు ప్లంబింగ్ నేర్పి ఇళ్ళకు పంపారు. కట్టుబాటు ఏమీ మారలేదు. కానీ కొంతమంది ఆడవాళ్ళ చేతికి పానా, సంపాదన వచ్చాయి. దీన్ని విజయమనాలో రాజీ అనాలో నేనింకా తేల్చుకోలేదు.

ఆడవాళ్ళకు ఈ పనులు సహజంగా రావు అనేవాళ్ళని మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెకు తీసుకెళ్ళాలనిపిస్తుంది. ఊరి చెరువు నీళ్ళను మడి మడికీ పంచే పనివాణ్ణి నీరుగట్టు అంటారు. ఊరి పేరులోనే ఆ పని ఉంది. ఆ పని మగవాళ్ళదే అనుకోండి. ఇప్పుడు ఆ పేట పట్టుచీరల నేతకు పేరుమోసింది. మగ్గం దగ్గర కూర్చున్నవాణ్ణి నేతగాడంటారు. కండెలు చుట్టేది, కొత్త పడుగు పోగుల్ని పాత పోగులకు ఒక్కొక్కటిగా అతికేది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే. వేల పోగులు. కంటికి ఆనీ ఆనని పట్టుపోగును రెండువేళ్ళ మధ్య మెలితిప్పి అతికే ఆ చేతికి 'సాయం' అని పేరు. అదే చెయ్యి మరలున్న పైపు చుట్టూ టెఫ్లాన్ టేపు చుట్టలేదట!

అక్కడ పదిమంది ఆడవాళ్ళతో కూర్చుని ఒక కొళాయి విప్పాం. ఎలా విప్పామో కొంచెం వివరంగానే రాస్తాను, సంఘం మీటింగులో మీరూ చేసి చూడొచ్చు.

ముందు ఎక్కడ కారుతోందో చూడాలి. కట్టేసినా మూతి నుంచి చుక్క పడుతుంటే లోపలి వాషరు అరిగింది. తిప్పే పిడి మొదట్లో, తిప్పినప్పుడు కారితే అక్కడి కుదురు నట్టు వదులైంది, లేదా దానికింద చుట్టిన పేలిక లాంటి ప్యాకింగు పోయింది. గోడలోకి వెళ్ళే చోట కారితే మర దగ్గర టేపు పోయింది. మూడూ మూడు వేర్వేరు జబ్బులు. తరవాత నీళ్ళు ఆపాలి. ట్యాంకు నుంచి వచ్చే పైపుకు గేట్ వాల్వు ఉంటుంది, అది కట్టేసి కొళాయి తెరిస్తే పైపులో మిగిలిన నీళ్ళు పోతాయి. మన ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళకు ఈ వాల్వు ఎక్కడుందో ఎవరూ చూపించలేదు. వంటగ్యాసు ఎక్కడ కట్టెయ్యాలో మొదటిరోజే చూపిస్తారు, నీళ్ళు ఎక్కడ కట్టెయ్యాలో పాతికేళ్ళయినా చూపించరు. ఈ వ్యాసం చదివి ఇంకేమీ చెయ్యకపోయినా, లేచి వెళ్ళి ఆ వాల్వు ఎక్కడుందో చూసిరండి.

సింకు తూముకు గుడ్డ అడ్డం పెట్టండి, లేకపోతే చిన్న మర ఒకటి అందులో పడి ప్లంబర్ని పిలిచే పని నిజంగానే పడుతుంది. పిడి మీది మూత తీసి, మర విప్పి, పిడి లాగెయ్యాలి. కింద ఆరు పలకల నట్టు కనిపిస్తుంది. కొళాయి ఒళ్ళు ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పానా పెట్టి గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే లోపలి కాడ మొత్తం బయటికొస్తుంది. దాని చివర ఉన్న నల్ల బిళ్ళే వాషరు. మధ్యలో గుంట పడి, అంచులు చిట్లి ఉంటుంది. దాన్ని తీసి, అదే కొలతది కొత్తది తొడగాలి. పాతది షాపుకు తీసుకెళ్తే కొలత గురించి ఎవరితోనూ వాదన ఉండదు. వాషరు కూర్చునే లోపలి గట్టును వేలితో తడిమి చూడాలి. అక్కడ గరుకుగా ఉప్పు పేరుకుని ఉంటే కొత్త వాషరూ నాలుగురోజుల్లో చిట్లుతుంది. బోరు నీళ్ళు చవుడైన ఇళ్ళలో ఇది మామూలే. రాగి చెంబు తోమే చింతపండే ఇక్కడా పనికొస్తుంది, కాసేపు నాననిచ్చి తోమితే చాలామట్టుకు వదులుతుంది. అప్పటికీ గట్టు గంట్లుపడి ఉంటే కొళాయే మార్చాలి. అన్నీ బిగించాక వాల్వు కొద్దికొద్దిగా తెరవాలి.

ఈమధ్య వస్తున్న, పావు చుట్టు తిప్పితే చాలే కొళాయిల్లో రబ్బరు వాషరు బదులు పింగాణీ బిళ్ళలుంటాయి. వాటిని బాగుచెయ్యలేం, లోపలి భాగం మొత్తంగా మార్చాలి. పాతది చేత్తో పట్టుకెళ్ళి పళ్ళు సరిచూసుకుని కొనాలి. ఇంకోమాట. కారుతోందని కొళాయిని ఇంకా ఇంకా బిగిస్తారు. అలా బిగించేకొద్దీ వాషరు ఇంకా తొందరగా తెగుతుంది. "మీ ఆడవాళ్ళు సరిగ్గా కట్టరు" అని తిట్టి, వచ్చి బలంగా బిగించి వెళ్ళే మగవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పవలసి ఉంది.

ఆ రోజు రెండో కొళాయిని విప్పింది అరవై దాటిన ఒక కండెలు చుట్టే ఆవిడ. నేను చెయ్యి సాయం పట్టబోతే వద్దంది. "పోగు యాడ తెగిందో కంటికి కనపడకపోయినా ఏలితో పట్టుకుంటాం మేడమ్. ఇది ఇనుం. దీనికేముంది?" అంది.

నైపుణ్యం ఒంట్లో పుట్టదు, చేతి నుంచి చేతికి వస్తుంది. ఒడిశాలోని కేంద్రపడా జిల్లా వాళ్ళు దేశమంతా ప్లంబర్లుగా పనిచేస్తున్నారు. అక్కడి మగపిల్లలు చేతిలో పానాతో పుట్టలేదు. మామ మేనల్లుడికి, ఊరివాడు ఊరివాడికి నేర్పుతూ పోతే అది ఒక వృత్తి అయింది. మన సంగతి ఏమిటి? 1990లలో డ్వాక్రా గ్రూపులు ఊరూరా పుట్టినప్పుడు ఆడవాళ్ళకు ఏం నేర్పారో గుర్తుచేసుకోండి. ఊరగాయలు, అప్పడాలు, కొవ్వొత్తులు, కుట్టుమిషను. ఇంట్లో చేసేదాన్నే బజారుకు తెమ్మన్నారు. మన ఎన్‌జీవోలు కూడా అదే బాట పట్టాయి. కుట్టుమిషను యంత్రం కాదా? దానికి నూనె వెయ్యడం, బెల్టు మార్చడం, సూది సరిచెయ్యడం నేర్చుకున్న మనిషికి కొళాయి ఒక లెక్కా? కానీ యంత్రంమీద పనిచెయ్యడం ఆడవాళ్ళకు ఇచ్చి, యంత్రాన్ని విప్పడం మగవాళ్ళకు ఉంచే అలవాటు మన శిక్షణల్లోకీ వచ్చేసింది.

దీనికి ఎదురు నడిచినవాళ్ళు లేకపోలేదు. మహిళా సమతా కార్యక్రమం 1989లో ఉత్తరప్రదేశ్, గుజరాత్, కర్ణాటకల్లో మొదలైంది, 1993లో మన రాష్ట్రానికి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో అది స్త్రీలకు చేతిపంపుల మరమ్మతు నేర్పింది. మనం బోరింగు అంటామే, ఆ పంపులే. నేర్చుకున్నవాళ్ళలో చాలామంది దళిత, కోల్ ఆదివాసీ స్త్రీలు. అంటరానితనం పాటించే ఊళ్ళలో దళిత స్త్రీ చెయ్యి నీళ్ళ పంపు లోపలికి వెళ్ళిందంటే అది వాషరు మార్చినంత తేలిక విషయం కాదు. పంపు నేర్చుకున్నాక రిపోర్టులు రాయడానికి చదువు కావాలని వాళ్ళే అడిగారు. ఆ చదువులోంచి 'మహిళా డాకియా' అనే పత్రిక వచ్చింది. ఆ అనుభవంలోంచే 2002లో చిత్రకూట్‌లో 'ఖబర్ లహరియా' పుట్టింది. పానాతో మొదలై వార్తాపత్రిక దాకా. 2016లో కేంద్రం మహిళా సమతకు నిధులు ఆపేసినప్పుడు మనం ఇవ్వాల్సినంత గట్టిగా కేక పెట్టలేదని నా అభిప్రాయం.

బలం సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. 1970ల చివర దేశమంతా పాతిన ఇండియా మార్క్ 2 చేతిపంపులో కింది వాషరు మార్చాలంటే బోరులోని పైపులన్నీ పైకి లాగాలి. ముక్కాలి స్టాండు కావాలి, మనుషులు కావాలి, బండి కావాలి. తరవాత కోయంబత్తూరు ప్రాంతంలో పరీక్షించి తెచ్చిన మార్క్ 3లో పైపు వెడల్పు పెంచారు. పైపులు కదపకుండానే లోపలి భాగాన్ని పైకి తియ్యొచ్చు. ఆడవాళ్ళ ఒళ్ళు ఈ పదేళ్ళలో మారలేదు, పంపు మారింది. కాబట్టి ఏ పనికి ఎంత బలం కావాలో నిర్ణయించేది ఒళ్ళు ఒక్కటే కాదు, ఆ యంత్రాన్ని ఎవరిని దృష్టిలో పెట్టుకుని గీశారన్నది కూడా.

ఒక్కోసారి యంత్రం కూడా అడ్డం కాదు, కాగితమే అడ్డం. తెలంగాణలో దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ 2019లో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ ఇస్తూ స్త్రీలు అర్హులు కారంది. బబ్బూరి శిరీష, వి. భారతి హైకోర్టుకు వెళ్ళారు. 2020 డిసెంబరులో స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. ఎక్కారు. అప్పటిదాకా ఆడవాళ్ళు స్తంభం ఎక్కకపోవడానికి కారణం ఏమిటో ఇంకా ఎవరికైనా సందేహం ఉందా?

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన సంగతి. ఈ విషయం నేనెక్కడ ఎత్తినా మన మిత్రులే ఒకరు లేచి అడుగుతారు: ఉన్న చాకిరీ చాలదా, ఇదొకటా? మగవాళ్ళు చేసే ఆ ఒక్క పనీ మనమే నెత్తినేసుకుంటే వాళ్ళు పూర్తిగా కాళ్ళు చాపుకుని కూర్చోరా? ఈ ప్రశ్నను నేను కొట్టిపారెయ్యను. ఆర్థిక సంస్కరణల తరవాత 'స్వయంసహాయం' పేరుతో ప్రభుత్వం వదిలించుకున్న పనులన్నీ ఎవరి నెత్తికెక్కాయో చూశాం. అందుకే చెప్తున్నాను. కొళాయి బాగుచెయ్యడం ఆడవాళ్ళ బాధ్యత అని ఎవరైనా పోస్టరు వేస్తే దాన్ని మొదట చించేదాన్ని నేనే. తెలిసి ఉండడం వేరు, బాధ్యత వేరు. తెలిసిన మనిషి "ఇది అరగంట పని, ఈ పూట నువ్వు చెయ్యి" అని చెప్పగలదు. తెలియని మనిషి "ఎప్పుడు చేస్తారండీ" అని అడుగుతుంది. ఆ 'అండీ'ని పోగొట్టడానికే నేను పానా పట్టమంటున్నాను. కొడుకుకి కూర తాలింపు, కూతురికి వాషరు ఒకే ఆదివారం నేర్పితే ఇంట్లో చాకిరీ పెరగదు, చేతులు మారుతుంది.

ప్లంబర్ల పొట్ట కొడుతున్నామా అన్నది ఇంకో ప్రశ్న. ఒక్క వాషరు కోసం పిలిస్తే రావడానికి వాళ్ళకూ గిట్టదు, మూడురోజులు తిప్పుకోవడం అందుకే. వాళ్ళ వృత్తిలోకి ఆడవాళ్ళు కూలికి, జీతానికి రావాలన్నది నా మాట, ఉచితంగా రావాలని కాదు.

అసలు పోరాటం వీధిలో ఉంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ఇంటింటికీ కొళాయి ఇస్తామంది. 2024 అన్న గడువును తరవాత 2028కి పొడిగించారు. గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీల్లో సగం మంది స్త్రీలుండాలని మార్గదర్శకాల్లో రాశారు. నీళ్ళ నాణ్యత పరీక్షించే కిట్లమీద ప్రతి ఊళ్ళో అయిదుగురికి, వీలైనంతవరకు స్త్రీలకే, శిక్షణ ఇవ్వాలనీ రాశారు. బాగానే ఉంది. కానీ గమనించండి. వంటింట్లో ఉప్పు సరిపోయిందో లేదో చూసే మనిషినే ఊళ్ళో నీళ్ళు బాగున్నాయో లేదో చూడమన్నారు. పైపు వేసేది, మోటారు విప్పేది, వాల్వు తిప్పేది మగవాళ్ళే. పంచాయతీలో ఆ ఉద్యోగానికి పేరే 'వాటర్‌మ్యాన్'. జీతం ఎంత తక్కువైనా అది జీతం. పరీక్షలు చేసే అయిదుగురూ మాత్రం ఊరికి సేవ చేస్తున్న తల్లులు.

కాబట్టి ఈసారి గ్రామసభలో పొదుపు ప్రతిజ్ఞ చెయ్యమంటే చెయ్యకండి. ఊళ్ళో ఎన్ని వాల్వులున్నాయి, వాటి పటం ఎక్కడుంది అని అడగండి. పంపు ఆపరేటరుకు నెలకెంత ఇస్తున్నారు, ఏ శిక్షణ ఇచ్చారు, ఆ శిక్షణకు ఆడవాళ్ళని ఎందుకు పిలవలేదని అడగండి. కమిటీలో ఉన్న మన సగం మంది పేర్లు చదవమనండి. చదివాక, చెక్కుమీద సంతకం వాళ్ళే పెడుతున్నారా, వాళ్ళ భర్తలు పెట్టిస్తున్నారా అనీ అడగండి. నీటి పరీక్ష చేసే అయిదుగురికీ పరీక్షకు ఇంత అని రేటు కట్టమనండి. సంఘం దగ్గర ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు, ఒక టేపు చుట్ట, గుప్పెడు వాషర్లు ఉంచుకోండి, తీర్మానాల పుస్తకం పక్కనే.

కుప్పం వైపు ఒక పంచాయతీలో పంపు ఆపరేటరు పని ఖాళీ అయితే, పదో తరగతి చదివిన ఒకామె అది తనకివ్వమని అడిగింది. "రాత్రిపూట మోటారు కాడికి ఆడమనిషి ఎట్ల పోతాదమ్మా?" అన్నారట పెద్దమనుషులు. "రాత్రి రెండింటికి నీళ్ళు వదిల్తే బిందె ఎత్తుకోని పొయ్యేది ఎవురు సార్?" అని ఆమె అడిగింది. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకుంది. ఇది రాసేనాటికి జవాబు రాలేదు.